పట్టాల మీద ఎర్రగుడ్డ

మొన్న ఆదివారం ఆలూరు అవతల సైకిలు తొక్కుతుంటే, బండ్లబాట అడ్డం వచ్చేచోట నా చెయ్యి తనంతట తానే బ్రేకు నొక్కేసింది. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. వెనకాలే వస్తున్న మా ఆవిడ, "గట్ల ఆగినవేంది? పడుదును గద!" అని కోప్పడింది. ఇప్పుడు హెల్మెట్లవాళ్లు షికార్లు చేసే ఈ బాట మీద నా చిన్నతనంలో ఇనుప పట్టాలుండేవి. గుట్ట మీది నుంచి కంకర ట్రాలీలు ఈ పల్లానికి వాటంతటవే దొర్లుకుంటూ వచ్చేవి. వెనక నిలబడి కట్టెబ్రేకు వేసేది మా బాపు. కింద బండ్లు పట్టాలు దాటేచోట ఎర్రగుడ్డ ఊపి ట్రాలీని ఆపేది మా నానమ్మ. ఇంట్లో అందరం అవ్వ అనేవాళ్లం. కన్నకొడుకును రోజుకు నాలుగుసార్లు ఆపే తల్లి ఊళ్లో ఇంకెవరున్నారని ఆమెకు మహా గర్వం.

ఆ ఏడు ఊళ్లో పిల్లలకు అమ్మవారు పోసింది. ఆడవాళ్లు పోచమ్మకు మొక్కి, పొలిమేర అని పట్టాల పక్కనున్న గేటు గుంజకే ఎర్ర రైకగుడ్డలు కట్టారు. దేవత గుడ్డను ఎవరూ విప్పకూడదు. రెండు రోజులు ఆ గుడ్డలు చూసి ఊరికే ఆగి ఆగి బాపు విసిగిపోయాడు. "అవ్వా, గుడ్డలు జూసుడు బంద్ జేసిన. బండొస్తే గట్టిగ ఒర్రు, నేను ఇంట" అన్నాడు.

మర్నాడే అమ్మా నేనూ వస్తున్న మా ఎడ్లబండి చక్రం పట్టాల్లో దిగబడింది. నెట్టబోయిన నా కాలు చక్రానికీ పట్టాకూ మధ్య ఇరుక్కుంది. ఏడేళ్లవాణ్ణి. అమ్మ ఎంత లాగినా రాలేదు. పైన ట్రాలీ కదిలింది. "ఆపురా కొడకా!" అని అవ్వ గొంతు చించుకుంది. చక్రాల మోతలో ఎవరికి వినిపిస్తుంది? చేతిలోని ఎర్రగుడ్డ గుంజ మీది గుడ్డల్లో కలిసిపోయింది. అవ్వ ఒక్క క్షణం గుంజ వైపు చూసింది. ట్రాలీకంటే పోచమ్మంటేనే ఆమెకు ఎక్కువ భయం. అయినా పరుగెత్తి గుడ్డలన్నీ పీకి పారేసింది.

బోసిపోయిన గుంజను చూడగానే బాపుకు గుండె జారిందట. దాని మీద చెయ్యి వేశారంటే కింద ఏదో ఘోరం జరిగిందనుకుని బ్రేకు మీద పడిపోయాడు. ట్రాలీ మాకు రెండు బారల దూరంలో ఆగింది. నా కాలు బయటికొచ్చాక కూడా అవ్వ లేవలేదు. గుడ్డలన్నీ ఒళ్లో పెట్టుకుని మట్టిలో కూర్చుని, "తల్లీ, తప్పు నాది. పోరని జోలికి పోకు. నేను బతికినకాడికి సాలు, నన్ను తీస్కపో" అని మొక్కింది.

పోచమ్మ ఆమెను చాలా ఏళ్లు తీసుకుపోలేదు. ముసలావిడ గదా, అందుకే అంత తేలిగ్గా అనేసిందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్న లెక్క వేసుకుంటే అప్పటికి ఆమెకు నా ఇప్పటి వయసు కూడా లేదు. నాకేమో బతికినకాడికి చాలని ఇంకా ఒక్కరోజు కూడా అనిపించలేదు.