నో అని ఓటేసిన ఊరి బస్సు

మా పిన్ని డయాలసిస్‌కి వెళ్ళే ఊరి కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ, నడిపే బస్సు ఈ నెలాఖరుతో ఆగిపోతుందని ఆమె కొడుకు డేవిడ్ ఫోన్ చేశాడు. అది లేకపోతే వారానికి మూడుసార్లు ఆమెను ఆసుపత్రికి ఎలా చేర్చాలో ఒకసారి ఆ దారిన వెళ్ళి చూద్దామనుకున్నాను. గురువారం మధ్యాహ్నం సిడ్నీ శివారులోని మా స్కోఫీల్డ్స్‌లో రైలెక్కి, బ్లాక్‌టౌన్‌లో కొండల మీదుగా వెళ్ళే రైలుకి మారాను. లిత్‌గో దాకా సిడ్నీ రైళ్ళ ఓపల్ కార్డు సరిపోతుంది. మూడు గంటలు పట్టింది. అక్కడి నుంచి పిన్నివాళ్ళుండే చిన్న ఊరికి రైలు లేదు. డేవిడ్ కారులో వచ్చి తీసుకెళ్ళాడు. అతనికి మాంసం ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు. పిన్నిని ఆసుపత్రికి దింపే వీలు లేదు.

శుక్రవారం ఏడింటికి తెల్లటి మినీ బస్సు గుమ్మం ముందు ఆగింది. టికెట్ నాలుగు డాలర్లు. లోపల నలుగురు ముసలివాళ్ళున్నారు. పిన్ని కూర్చుని, చీర కొంగు తల మీదకు లాక్కుని, ప్రయాణం కోసం తెలుగులో గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. డ్రైవర్ గ్లెన్ ఇంజిన్ ఆన్ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె "ఆమెన్" అనగానే బస్సంతా "ఆమెన్" అంది. అప్పుడు తాళం తిప్పాడు.

"ఆమెన్ లేకుండా ఈ బండి స్టార్ట్ కాదు, మేట్," అన్నాడు నాతో.

గంటకు పైగా దారి. రెండువైపులా ఎండిన గడ్డి, గొర్రెలు. బస్సు ఎందుకు ఆపుతున్నారని గ్లెన్‌ని అడిగాను. ఇంటి పన్నును రాష్ట్రం పెట్టిన పరిమితికి మించి పెంచాలంటే కౌన్సిల్ అనుమతి తెచ్చుకోవాలట. అడిగే ముందు, పెంచాలా వద్దా అని కౌన్సిల్ ఎన్నికలతో పాటే జనానికి ఓటు పెట్టింది. ఊరు నో అంది. కౌన్సిల్ ఆ మాటే విని ఖర్చులు తగ్గించింది.

"మీరు?"

"నేనూ నో. నాకూ హోమ్ లోన్ ఉందిగా." మలుపు దగ్గర గేరు మార్చాడు. "ఓటు కాగితం మీద నా బస్సు ఉందని ఎవడికి తెలుసు?"

పిన్ని కిటికీ వైపు తిరిగి అంది: "నేనూ నోయే వేశానురా. సిటిజన్ అయ్యాక మొదటి ఓటు. చర్చి వాట్సాప్ గ్రూపులో అందరూ నో అనమన్నారు. డేవిడ్ కొత్తగా ఇల్లు కొన్నాడు, వాడికి భారం ఎందుకని..."

"కౌన్సిల్ వాళ్ళు ముందే చెప్పలేదా పిన్నీ?"

"చెప్పారు, కాగితం పంపారు. మనూళ్ళో ఎన్ని కాగితాలు చూళ్ళేదు! ఎవరికి ఓటేసినా పన్ను పెరిగేది, బస్సు తిరిగేది. ఇక్కడ అడిగింది అడిగినట్టే చేస్తారని నాకేం తెలుసురా?"

గ్లెన్‌కి తెలుగు రాదు. అయినా అద్దంలోంచి ఆమెను చూసి తల ఊపాడు.

ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని టాక్సీ వాళ్ళకు ఫోన్ చేశాను. పన్ను పెరగనందుకు డేవిడ్‌కి ఏడాదికి మిగిలేది టాక్సీలో ఆమె వారం ప్రయాణాలకు కూడా చాలదు. ఆసుపత్రి వాహనానికి పేరు రాయించాం. ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేమన్నారు. సిడ్నీలో మా ఇంటికి రమ్మన్నాను. అక్కడి డయాలసిస్ యూనిట్‌కి ఫోన్ చేస్తే, ఖాళీ లేదన్నారు. పిన్ని నర్సును పిలిచి అడిగింది: "సిస్టర్, వీక్‌లో టూ టైమ్స్ ఇనఫ్ కాదా?" నర్సు కాదంది.

తిరుగు ప్రయాణంలో ఆమె కొంగు కప్పుకుంది గానీ ప్రార్థన మొదలుపెట్టలేదు. బస్సులో ఎవరూ కదల్లేదు. గ్లెన్ తాళం మీద చేయి వేసి అలాగే ఉన్నాడు. చాలాసేపటికి, ముందు మాటలేవీ లేకుండా, పిన్ని నోట ఉత్త "ఆమెన్" వినిపించింది.

ఇంటికొచ్చి ఎంత ఆలోచించినా నాకు దారి కనబడలేదు. ఎవరి మీదా కోపం కూడా రావడం లేదు. అడిగారు, ఊరు చెప్పింది, చేశారు. రోడ్డు అలాగే ఉంది, ఆసుపత్రి అలాగే ఉంది. మధ్యలో పిన్ని ఉంది.

అటు వెళ్ళేవారికి ఒక్క మాట: వచ్చే నెల నుంచి ఆ ఊరికి లిత్‌గో నుంచి టాక్సీ తప్ప ఏమీ ఉండదు. ముందు రోజే చెప్పుకోండి. వెనక సీట్లో పిన్నికి చోటుంటే, వెళ్ళేముందు నాకు రాయండి.