ఓవెన్‌కు జ్వరం చూసిన వేసవి

ఈ కథ చదివేముందు ఏదైనా కాస్త తినేసి రండి. ఇందులో మూడు వాయల శెనక్కాయ బిస్కెట్లు బొగ్గయిపోతాయి. ఏ పాపమూ ఎరగని ఒక వస్తువు ఉద్యోగం పోగొట్టుకుంటుంది. మా ఇంటి పరువు ఉరవకొండ బజారులో వేలాడుతుంది. దోషి ఎవరా అని చివరిదాకా వెతుక్కోనక్కర్లేదు, నేనే.

మాది ధర్మవరం. మా ఆయన రామాంజి పట్టుచీరలు నేస్తాడు. మా అత్త నరసమ్మ ఆ చీరల్లోనూ నాలోనూ తప్పులు వెతుకుతుంది. చీరల్లో తక్కువ దొరుకుతాయి.

నాలుగేళ్ళ కిందట, మూతపడిన ఒక బేకరీ నుంచి పాత కరెంటు ఓవెన్ కొనుక్కొచ్చాను. మగ్గం ఉన్న ఇంట్లో పనిముట్టు అంటే దేవుడే. మగ్గంలో ఒక్క కట్టెను కూడా వదలకుండా పసుపు కుంకుమ పెడతాం. మరి నా ఓవెన్ ఏం పాపం చేసింది? తలుపుకు పెట్టాను, మీటలకు పెట్టాను, లోపలి ఊచలకు పెట్టాను. వెనక గోడ నుంచి వేలెడంత పొడుచుకొచ్చిన ఒక చిన్న స్టీలు కడ్డీ కనిపిస్తే, అదెందుకుందో తెలియకపోయినా, దానికీ పెట్టాను. ప్రతి శుక్రవారం గడపకు పూయగా మిగిలిన పసుపంతా ఓవెన్‌కే.

మొదట్లో బిస్కెట్లు బాగానే కాలేవి. రానురాను రంగు కొంచెం ముదురుతూ వచ్చింది. నేను పట్టించుకోలేదు. అంతలో ఉరవకొండ మిఠాయి అంగడి శెట్టిగారు, ఎవరి పెళ్ళిలోనో నా బిస్కెట్టు తిన్నాడట, ఫోన్ చేశాడు.

“అమ్మా, సోమవారం మచ్చుకు రెండు కేజీలు తీసుకురా. అన్నీ ఒకే రంగులో ఉండల్ల. బాగుంటే వారం వారం నీ దగ్గరే తీసుకుంటా. లేకుంటే ఇంకొకరిని చూసుకుంటా, ఏమనుకోవద్దు.”

అంతవరకు నా బిస్కెట్లు తిన్నవాళ్ళంతా చుట్టాలే. వాళ్ళు మొహమాటానికి మెచ్చుకుంటారని నాకు తెలుసు. ఒక అంగడాయన అడగడం అదే మొదటిసారి. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

గురువారం మొదటి వాయ తీశాను. నల్లగా ఉంది.

“ఏమ్మే, ఇవి తినేటివా, కుంపట్లోకా?” అంది అత్త.

“మెకానిక్కును పిలుస్తా లే,” అన్నాడు మా ఆయన.

“ఏం అక్కర్లేదు. నా ఓవెన్, నేనే బాగుచేసుకుంటా. చేయకపోతే నా పేరు సరోజే కాదు!”

ఈ ఒట్టు నేను అప్పటికి చాలాసార్లు పెట్టాను. పేరు మాత్రం ఇంకా అదే ఉంది.

శుక్రవారం పొద్దున్నే దిష్టి తగిలిందేమోనని నిమ్మకాయ తిప్పి, పసుపు ఇంకాస్త చిక్కగా కలిపి, ఎక్కడా వదలకుండా మెత్తాను. రెండో వాయ మొదటిదానికంటే నల్లగా వచ్చింది. ఇక్కడ మీలో కొందరికి ఏదో తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు.

ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఎవరో స్వెట్టరు వేసుకున్నాయన, లోపలున్న ఆ చిన్న కడ్డీయే ఓవెన్‌కు వేడి ఎంతుందో చెప్పే సెన్సరని, అది చెడిపోతే వంట చెడిపోతుందని, మీటరు పెట్టి చూస్తే గది వేడిలో వెయ్యిన్నీ ఎనభై దగ్గర చూపించాలని చెప్పాడు. ‘గది వేడిలో’ అన్న ముక్క మా ఇంట్లోకి రాకుండా గడప దగ్గరే ఆగిపోయింది. వెయ్యిన్నీ ఎనభై మాత్రం మంత్రంలా కంఠస్థం చేశాను.

మా వీధి చివర బోరు మోటార్లు బాగుచేసే ఓబులేసన్న దగ్గర మీటరు అడిగి తెచ్చుకున్నాను.

“ప్లగ్గు పీకినావా?” మా ఆయన మగ్గం గుంతలోంచే అరిచాడు.

“పీకినా!”

“ఏదీ, చూపించు.”

ప్లగ్గు ఎత్తి చూపించాను. ఓవెన్ వెనక రేకు విప్పి, కడ్డీ తీగలు ఊడదీసి, మీటరు ముళ్ళు రెండూ ఆనించాను. పదకొండు వందల అరవై!

“అత్తా! దొరికింది దొంగ! ఎనభై ఎక్కువుండాది, దీనికి జ్వరం!”

“జ్వరమైతే మాత్ర వెయ్,” అంది అత్త.

వెంటనే ఓబులేసన్నకు చెప్పి కొత్త కడ్డీ కోసం పురమాయించాను. శనివారం సాయంత్రానికి ఆయన బెంగళూరు బస్సులో తెప్పించి ఇచ్చాడు. రెండు మరలు విప్పి పాతదాన్ని బయటికి లాగాను. పసుపు కుంకుమలతో నిండు ముత్తైదువలా ఉంది. దాన్ని చూస్తే నాకు ఏం తోచిందనుకున్నారు? పారేయడానికి చేతులు రాలేదు. రవికె గుడ్డలో చుట్టి, దణ్ణం పెట్టి, దేవుడి గూట్లో పెట్టాను. బిగించేముందు కొత్తదాన్ని కూడా మీటరుతో చూశాను. పదకొండు వందల అరవై!

నా ఒళ్ళు మండిపోయింది. ఫోన్ అందుకున్నాను.

“ఏమన్నా, చెడిపోయినదానికి బదులు ఇంకో చెడిపోయింది తెచ్చిస్తావా?”

“ఎంత చూపిస్తాండాదమ్మా?”

“పదకొండు వందల అరవై. వీడియో ఆయన వెయ్యిన్నీ ఎనభై అన్నాడు.”

“ఆయప్ప యాడుండాడు?”

“ఏదో చలి దేశం. స్వెట్టరు వేసుకున్నాడు.”

“నువ్వు యాడుండావు?”

“ధర్మవరంలో.”

“ఏం నెల ఇది?”

“మే నెల,” అన్నాను. అన్నాక నా గొంతు నాకే సన్నగా వినబడింది.

“వేడి పెరిగే కొద్దీ ఆ అంకె పెరుగుతాది తల్లీ. కడ్డీ నిజమే చెప్తాండాది. మీ ఇల్లే ఓవెన్ మాదిరి ఉండాది. పాతదీ బాగున్నట్టే. ఇంకో మాట. ఆ అంకె తప్పుగా ఎక్కువుంటే ఓవెన్ ముందే ఆగిపోయి బిస్కెట్లు పచ్చిగా ఉండల్ల గానీ, మాడవు గదా?”

ఆలోచన ఉన్న మనిషైతే అక్కడ ఆగేది. నాకున్నది పట్టుదల. ఆ రెండూ నా దగ్గర ఒకేసారి ఉండవు. తెప్పించాం కదా, కొత్తదే మేలని దాన్నే బిగించాను. కొత్త వస్తువును బోసిగా ఎట్లా వదులుతాం? ముందు గంధం, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ.

ఆదివారం పొద్దున మూడో వాయ. పొగకు పక్కింటివాళ్ళు వచ్చి చూసిపోయారు. మర్నాటి పొద్దున బస్సెక్కాలి. ఇంకొక్క వాయకే పిండి మిగిలింది. నేను వంటింట్లో కింద కూర్చుని గట్టిగా ఏడ్చేశాను. ఓవెన్ కోసం కాదు. ఒక్కరంటే ఒక్కరు బయటివాళ్ళు నమ్మి అడిగితే, ఆ నమ్మకాన్ని కూడా మాడ్చేశానే అని.

అత్త ఓవెన్ చల్లారేదాకా ఆగి, టార్చిలైటు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగిచూసింది.

“ఇదేందే, ఈ పుల్లకు నలుగు పెట్టినావు?”

“పుల్ల కాదత్తా. వేడెంతుందో చూసేది అదే.”

“చూసేదానికి ఇంత మందాన పూస్తే దానికేం తెలుస్తాది? కంబళి కప్పుకున్నోనికి బయట ఎండ తెలుస్తాదా, వాన తెలుస్తాదా?”

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పాతదానికి శుక్రవారం మీద శుక్రవారం, కొత్తదానికి ఒక్కరోజే పొర మీద పొర! లోపల అంతా మాడిపోతున్నా, ముసుగు కింద ఆ కడ్డీకి చల్లగానే ఉండి, ఇంకా కానీ ఇంకా కానీ అని ఓవెన్‌ను ఎగదోసింది. భక్తి లేని పూజ పత్రి చేటు అన్నారు పెద్దలు. భక్తి ముదిరిన పూజ బిస్కెట్ల చేటు అని నేను చేరుస్తున్నాను.

చెంచాతో గీకి, తడిగుడ్డతో తుడిచి, కడ్డీని తళతళలాడించి, మిగిలిన పిండిని ఓవెన్‌లోకి తోశాను. తలుపు ముందు నేనూ అత్తా పురుడు గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది. తీసి చూస్తే, అన్నీ ఒకే రంగు, వేయించిన శెనక్కాయ రంగు! అత్త ఒకటి తింది. రెండోది కూడా తీసుకుంది. మా ఇంట్లో అది బిరుదు కిందే లెక్క.

సోమవారం నాతోపాటు అత్త కూడా ఉరవకొండ బస్సెక్కింది. శెట్టిగారు బిస్కెట్టు విరిచి చూశాడు, కొరికాడు, తలూపాడు.

“బాగుండాయమ్మా. వచ్చే వారం నుంచి తీసుకురా. అవునూ, అన్నీ ఇట్ల ఒకే రంగు ఎట్ల వచ్చినాయి? రహస్యమేంది?”

సెన్సరు గురించి, మీటరు గురించి, చలి దేశాల గది వేడి గురించి ఉపన్యాసం ఇద్దామని నేను నోరు తెరిచాను. అత్త అడ్డం వచ్చింది.

“ఏం లేదప్పా. మా కోడలు పూజ మానేసింది.”

కాబట్టి, పెద్దలారా, ధర్మవరం ఎండ సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఈ జన్మలో నా పసుపు చేయి ఓవెన్ తలుపు దాటి లోపలికి పోదు. బయటినుంచే దణ్ణం. శుక్రవారం మరీ ఉండబట్టకపోతే దేవుడి గూట్లో ఉన్న పాత కడ్డీకి పెట్టుకుంటాను. ఇప్పుడది నా బొటనవేలంత లావుంది.