స్టీలు స్కేలు వంగిన రోజు

మా పిన్ని పని వంకరలు తీయడం. మనుషుల వంకరలు కాదు, వాటి జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు. పాత పుస్తకాలను ఫొటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసులో ఆమెది కిటికీ పక్క కుర్చీ. లావు పుస్తకాన్ని తెరిచి ఫొటో తీస్తే కుట్టు దగ్గర కాగితం లోపలికి దిగిపోతుంది. అక్కడ అక్షరాల వరసలు విల్లులా వంగుతాయి. పిన్ని ఆ వరసను మౌస్‌తో అక్కడక్కడా పట్టుకుని, ఇంత పైకి, ఇంత కిందికి లాగి తిన్నగా చేస్తుంది. ఈ పని మిషనే చేసేస్తుందని మా యజమాని ఏటా ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తెస్తాడు. చెదలు తిన్న కాగితం దగ్గర అది చేతులెత్తేస్తుంది. పుస్తకం మళ్ళీ పిన్ని దగ్గరికే వస్తుంది. మెచ్చుకోలు మాత్రం సాఫ్ట్‌వేర్‌కే.

నేను ఆమె అక్క కొడుకుని. పక్క కుర్చీ నాది. చదువు సగంలో వదిలేసి తిరుగుతున్నవాణ్ణి తెచ్చి అక్కడ కూర్చోబెట్టింది ఆమే. చేతికొచ్చిన ప్రతి పేజీనీ సర్దకముందే చదివేస్తానని ఆమెకు తెలుసు. "నిన్ను పెట్టుకున్నది చదవడానికి కాదురా," అనేది. అని, నేను పేజీ పూర్తిచేసేదాకా ఆగేది.

వడ్రంగి చెక్కను ఎత్తి చూసినట్టు, ఆమె ఎడమ కన్ను మూసి కుడి కంటితో వరస పొడవునా చూసేది. అందుకే ఆఫీసులో ఆమె పేరు 'తుపాకీ'. ఆమె గురి తప్పిందని ఎవరూ అనగా వినలేదు.

ఇక మా గదిలో కళ్ళు బాగున్నవాళ్ళే లేరు. పొద్దుగూకేసరికి ఇసక పోసినట్టు మండుతాయి. తల ఎత్తి దూరంగా చూస్తే కాసేపు మసక. నుదురంతా బరువు. కాబట్టి పిన్ని "కళ్ళు అలిసిపోతున్నాయిరా" అన్న రోజున ఎవరూ తల తిప్పలేదు. అందరూ దగ్గే గదిలో అసలు రోగి దగ్గు ఎవరికి వినపడుతుంది? అద్దాల షాపువాడు మాత్రం విన్నాడు. స్క్రీన్ వెలుతురు ఆపుతుందని చెప్పి ఆమెకో కళ్ళజోడు అంటగట్టాడు.

"సెలవు రోజంతా పడుకున్నా తగ్గట్లేదురా. వరస మధ్యలో ఉబ్బుతోంది."

"స్క్రీన్ ముసలిదైపోయింది పిన్నీ."

స్క్రీన్ మార్చారు. కొత్తదాంట్లోనూ వరస ఉబ్బింది. పిన్ని విసుక్కోకుండా కిందికి లాగి సరిచేస్తూ పోయింది.

మేం సర్దిన పేజీలను అచ్చుతీసి చూసే పని రిటైరైన లెక్కల మాస్టారిది. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండే భూతద్దమే ఆయన పేరు కూడా. ఒక ఉదయం ఆయన కాగితాల దొంతర పట్టుకుని పిన్ని బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏమ్మాయ్, నీ వరసలు తాగి నడుస్తున్నాయేంటి?"

పిన్ని ఎడమ కన్ను మూసింది. "ఎక్కడండీ? దారం కట్టినట్టు ఉంటేను."

ఆయన జేబులోంచి స్టీలు స్కేలు తీసి వరస పైఅంచున ఆనించారు. వరస స్కేలును వదిలి కిందికి జారి, మళ్ళీ వచ్చి కలిసింది. మా అందరికీ కనపడింది.

పిన్ని స్కేలును చూసి నవ్వింది. "మీ స్కేలే వంకర మాస్టారూ. మధ్యలో ఉబ్బింది."

గదంతా నవ్వింది. స్టీలు స్కేలు ఉబ్బడమేంటి? మాస్టారు దాని అంచును బల్లకు ఆనించారు. ఎక్కడా సందు లేదు. మరోసారి చూద్దామని పిన్ని ఈసారి ఎడమ కన్ను తెరిచి కుడి కన్ను మూసింది. స్కేలు తిన్నగా ఉంది, తన వరసే వంగింది. నవ్వు ఆమె ముఖంలోనే ఆగిపోయింది. మళ్ళీ కన్ను మార్చింది. కిటికీ ఊచలు చూసింది. తలుపు అంచు చూసింది.

"నేను ఎక్కడ చూస్తే అక్కడే వంగుతోందిరా," అంది మెల్లగా. తర్వాత ఎడమ కన్ను మూసే మాస్టారి వైపు తిరిగి, "మీ ముక్కు ఉండాల్సిన చోట మరక ఉందండీ."

చేతిలో ఉన్న పుస్తకం పూర్తిచేసి డాక్టరు దగ్గరికి వెళ్తానంది. మాస్టారు కంప్యూటర్ ఆపేశారు. "ఆ పుస్తకం వందేళ్ళు ఆగిందమ్మా, ఇంకో నెల ఆగుతుంది. నీ కన్ను ఆగుతుందని నేను పూచీ ఇవ్వలేను."

ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాం. చుక్కలు వేశారు, ఫొటో తీశారు. డాక్టరమ్మ ఆ ఫొటోను మా వైపు తిప్పింది. కంటి వెనక గోడను అడ్డంగా కోసినట్టు చూపించే ఫొటో అది. సన్నటి పొరల మీద పొరలు, మూసిన పుస్తకాన్ని పక్కనుంచి చూసినట్టు. ఎడమ కంటిలో పొరలన్నీ సాఫీగా ఉన్నాయి. కుడి కంటిలో నట్టనడుమ కింద నీరు చేరి, పొరలు పైకి లేచాయి.

"తడిసిన పుస్తకం," అంది పిన్ని.

"అంతేనమ్మా. లోపల పనికిరాని రక్తనాళాలు పుట్టి కారుతున్నాయి."

"స్క్రీన్ వల్లేనాండీ?"

"కాదు. వయసుతో వచ్చే జబ్బు. స్క్రీన్ అలసట మామూలుగా రెండు కళ్ళకీ ఉంటుంది. రెప్ప వేయడం మర్చిపోతాం, కళ్ళు ఆరి మండుతాయి, విశ్రాంతిస్తే సర్దుకుంటాయి. అది గీతల్ని వంచదు. ఒక కంట్లోనే చూపు తగ్గినా, మధ్యలో మరక పడినా, మెరుపులు మెరిసినా, పక్కనుంచి తెర దిగుతున్నట్టున్నా స్క్రీన్‌ని తిట్టుకుంటూ కూర్చోకూడదు. వెంటనే రావాలి."

"పోయింది తిరిగొస్తుందా?"

"ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను. ముందు కారడం ఆపాలి. కంట్లో ఇంజక్షన్ ఇస్తాను, కొన్ని నెలలు వరసగా."

"కంట్లోనే?" అని పిన్ని నా చెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా పట్టుకోవడం నేనెరగను.

నాకు మాత్రం ఆ ఫొటో మీంచి చూపు తిరగలేదు. కంట్లో అక్షరాన్ని అక్షరంగా పోల్చుకునే చోటు ఆవగింజంత కూడా ఉండదట. నక్షత్రాల గురించి, సముద్రాల గురించి దొరికినవన్నీ చదివి, ఇక నన్ను ఆశ్చర్యపరిచేది ఏదీ లేదని విర్రవీగేవాణ్ణి. ఇన్నేళ్ళుగా పిన్ని తిన్నగా చేసిన పుస్తకాలన్నీ ఆ గింజలోంచే వెళ్ళాయి. నేను చదివినవన్నీ నాలో ఉన్న అలాంటి గింజలోంచే వచ్చాయి. ఒక కన్ను చెడుతుంటే రెండోది చప్పుడు చేయకుండా దాని పని కూడా మోసింది, ఆ కళ్ళున్న మనిషికి కూడా తెలియనివ్వకుండా.

ఆఫీసులో చెడిన పేజీలను పక్కన పెట్టాం. ఆమె కంటిలో పైకి ఉబ్బిన చోటును ఆమె చెయ్యి కాగితం మీద కిందికి దించింది. కంటి లోపలి వాపు అచ్చు కాగితం మీదికి దిగింది. మాస్టారు ఒక పేజీని తన సొరుగులో దాచుకున్నారు.

ఇంజక్షన్లు పడుతున్నన్నాళ్ళూ పిన్ని ఎడమ కంటితో గురి చూసింది. నెమ్మదిగా, కానీ తప్పకుండా. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"ఆ పేజీ ఇటివ్వండి."

ఎడమ కన్ను మూసింది. ఆనాడు కుడి కంటికి దారం కట్టినట్టు కనపడ్డ పేజీ అది. చాలాసేపు చూసింది.

"ఛీ," అంది. "ఎంత వంకరగా చేశాన్రా దీన్ని."

మాస్టారు భూతద్దం బల్లమీద పెట్టి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు.