మూత తీయని గిన్నె

సూరత్ పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో కనకయ్యది పగటి షిఫ్టు, పరమేశ్‌ది రాత్రి షిఫ్టు. ఇద్దరికీ ఒకటే గది, ఒకటే పరుపు, ఒకటే తాళంచెవి. పొద్దున మిల్లు గేటు దగ్గర కనకయ్య తాళంచెవి పరమేశ్ చేతిలో పెడతాడు, సాయంత్రం పరమేశ్ తిరిగి ఇస్తాడు. పనికి పోయేవాడు వచ్చేవాడికి వండిపెట్టి పోవాలి. సిరిసిల్ల పక్క నుంచి ఇద్దరూ సూరత్ వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి.

ఈమధ్య కనకయ్య తాగుడు మాని క్రైస్తవుడయ్యాడు. మంచిదే, కాదన్నదెవరు? కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. బాప్తిస్మం తీసుకున్న వారంలోనే గోడమీది వేములవాడ రాజన్న పటం అతని కంట్లో నలుసైంది. అది పరమేశ్‌ది. ఊరు విడిచేటప్పుడు తల్లి తన చేత్తో ఇచ్చింది, ఆమె ఇప్పుడు లేదు. ఇదంతా తెలిసి కూడా ఈ మహానుభావుడు ఒక సాయంత్రం పటం తీసి బయట గోడ అంచున పెట్టి, స్తోత్రం చెప్పుకొని హాయిగా పడుకున్నాడు. ఆ రాత్రి వాన దంచికొట్టింది. పొద్దున తడిసిన పటాన్ని పరమేశే తీసి దాచుకున్నాడు.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర పరమేశ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకొద్దంటే నాతోని చెప్పాలె అన్నా. నేను లేంది జూసి దొంగలెక్క తీస్తవా?"

"తప్పే తమ్మీ. కానీ నీ మంచికే..." అన్నాడు కనకయ్య. ఆ 'కానీ' కొంప ముంచింది. పరమేశ్ తాళంచెవి అతని చేతిలో పడేసి లోపలికి పోయాడు.

ఇక మాటల్లేవు. పరమేశ్ వండడం మాని బయట మెస్సులో తినసాగాడు. కనకయ్య పొద్దున వండిపెట్టిన అన్నం సాయంత్రం దాకా మూత తీయకుండా అలాగే ఉండేది. పొద్దంతా ఆవిరిలో ఉడికి వచ్చిన మనిషి ఆ చద్దన్నమే మింగేవాడు. అయినా తెల్లారి మళ్ళీ వండేవాడు.

తనదే ఒప్పని నలుగురి చేత అనిపించుకుందామని ఆదివారం ప్రార్థనలో పటం సంగతి సాక్ష్యంగా చెప్పబోయాడు. పాస్టర్ దేవదాస్ మధ్యలోనే ఆపాడు.

"నువ్వు తాగి మోరీల పడ్డప్పుడు మోసుకొచ్చి కడిగింది ఎవలయ్యా?"

"పరమేశే, అయ్యగారూ."

"మరి దేవుడు పటం తీయమన్నడా, పొరుగోన్ని ప్రేమించమన్నడా?"

తాగుడైతే పోయింది గానీ పొగరు అట్లాగే ఉందని కనకయ్యకు అప్పుడు తెలిసివచ్చింది.

మరునాడు గేటు దగ్గర ఒకటే మాట అన్నాడు. "తప్పైంది తమ్మీ. ఆ పటం ఇస్తవా? అద్దం కట్టించుకొస్త. నువ్విస్తెనే ముట్టుకుంట."

పరమేశ్ ముఖం తిప్పుకొని పోయాడు. రోజులు ఈడ్చుకుంటూ పోయాయి. వేరే గది చూసుకుందామా అనుకున్నాడు కనకయ్య, కానీ వెతకడానికి కాళ్ళలో సత్తువ ఏదీ? పరమేశ్‌ను మార్చు ప్రభువా అని ప్రార్థించేవాడు కాస్తా, నన్ను మార్చు తండ్రీ అని మొదలుపెట్టి ఆమేన్ దాకా పోకముందే నిద్రలో పడేవాడు.

ఒక సాయంత్రం పరుపు మీద, తువ్వాలలో చుట్టి, పటం ఉంది. రంగులు కారిపోయి రాజన్న ముఖం ఆనవాలుగా మిగిలింది. కనకయ్య దానికి అద్దం కట్టించి, పాత మేకుకే తన చేత్తో తగిలించాడు.

ఆదివారం ప్రార్థనకు పిలుచుకుపోదామని గదికొచ్చిన సంఘంలోని ప్రమీల గోడవైపు చూసి ముక్కున వేలేసుకుంది. "ఇదేంది అన్నా, మళ్ళ ఎనకకు పోయినవా?"

"లేదక్కా. నా దేవుడు నాకున్నడు. అది పరమేశ్ తల్లి యాది. తీసేటందుకు నేనెవన్ని?"

మరునాడు సాయంత్రం తాళంచెవి ఇచ్చాక పరమేశ్ వెంటనే లోపలికి పోలేదు.

"పప్పుల ఉప్పెయ్యలే గదా అన్నా" అన్నాడు, ఎటో చూస్తూ.

కనకయ్య గదికి పోయి చూస్తే పొద్దుటి గిన్నె కడిగి బోర్లించి ఉంది. పక్కన అతని కోసం వండిన అన్నం, మూత ఇంకా వెచ్చగానే ఉంది.