మంచులో మా కళ్ల పరీక్ష

చలికాలంలో ఎడారి మంచు గురించి మా క్యాంపులో నేను చెప్పే కథ ఒకటుంది. ఆ పొద్దున రిగ్గు దారిలో మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, వైపరు తిరిగిన ప్రతిసారీ దోసెపిండిలా ముద్దలు ముద్దలుగా పక్కకు పడిందని చెబుతాను. బానెట్ మీద పడుకున్న ఒంటెను హారన్ కొట్టి లేపానని కూడా చెబుతాను. పిండి లేదు. ఒంటె అసలే లేదు. మంచు మాత్రం ఉంది, అదీ కాసేపే.

నేను తోలేది మంచినీళ్ల ట్యాంకరు. అబుదాబి దాటి పడమటి ఎడారిలో చమురు తవ్వే రిగ్గుల దగ్గరికి, అక్కడి వంటగదులకు నీళ్లు మోస్తాను. మా కంపెనీలో అరవై దాటిన డ్రైవరు పక్కన ఏడాదికోసారి సేఫ్టీ ఆఫీసరు కూర్చుని వస్తాడు. కళ్లు సరిగ్గా ఆనడం లేదని అతనికి అనిపించిందా, ఖలాస్, తాళాలు తీసుకుని యార్డు గేటు దగ్గర కుర్చీ వేస్తారు. వచ్చే పోయే బండ్లకు చెయ్యి ఊపుతూ బతకాలి. ఆ కుర్చీని తలచుకుంటేనే నా ఒళ్లు మండుతుంది.

ఆసారి వచ్చిన ఆఫీసరు గోదావరి జిల్లా మనిషి. మర్యాదకు లోటు లేదు. ఆ మర్యాదతోనే నా ప్రాణం తోడేశాడు.

"బాబాయ్ గారూ, అద్దం చూశారాండి? చూసినట్టు నాకు తెలియాలి కదండి."

"తల తిప్పి చూస్తి కదప్పా. ఇంగ మెడ పెరికి చేతిలో పెట్టమంటావా?"

తారు రోడ్డు వదిలి రిగ్గు దారిలోకి తిరిగామో లేదో, మంచు కమ్మేసింది. ముందు ఏమీ కనబడనప్పుడు బండిని దారి మీంచి పూర్తిగా కిందికి దించి, ఇంజను ఆపి, లైట్లు మినుకుమినుకుమనేలా పెట్టి ఆగాలని రూలు. అచ్చంగా అలాగే ఆపాను. "భలే ఆపారండి" అన్నాడు. చలికి అద్దాలు బిగించుకున్నాం. ఫ్లాస్కులోంచి ఇద్దరికీ పొగలు కక్కే టీ పోశాను. వెనక వచ్చిన లారీలు కూడా ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ఆ దారిలో ఆగిన బండిని దాటి పోవడం పెద్ద తప్పు. ముందువాడు కదిలేదాకా వెనకవాడు కదలడు, అది మాలో మాకున్న కట్టుబాటు.

టీ అయిపోయింది. ఎదురుగా తెలుపు. ఇంకాస్సేపు చూశాను. అదే తెలుపు.

"తగ్గిందంటారా?" అన్నాడు ఆఫీసరు.

ఇదే పరీక్ష అనుకున్నాను. "నీకెట్లా కనబడతాంది?"

"మీ అనుభవం ముందు మాదెంతండి. మీరే చెప్పాలి."

"ఆఫీసరువి నువ్వప్పా. నువ్వే చెప్పాల."

"లేదండి, బండి మీది కదండి."

ఇట్లా మర్యాదలు పోతూ కూర్చున్నాం. ఇంతలో రిగ్గు వంటమనిషి ఫోను. హైదరాబాదువాడు, నోరు పెద్దది.

"క్యా చాచా, నీళ్లు ఏవీ? పప్పు కడగనీకి చుక్క లేదిక్కడ!"

"మంచప్పా, మంచు. కండ్లు కనబడ్ల్యా."

"ఏం మంచు చాచా? ఈడ ఎండకు నా గుండు మాడుతోంది!"

పది నిమిషాల దూరంలో ఎండ కాస్తుంటే, నాకు మాత్రం తెలుపు. అంటే మంచు బయట లేదు, నా కళ్లలో ఉంది. ఫోను చటుక్కున ఆపేసి, సిగ్నలు పోయిందని ఆఫీసరుకు చెప్పాను. గేటు, కుర్చీ, ఊపుతున్న నా చెయ్యి, అన్నీ ఆ తెలుపులో తేటగా కనబడ్డాయి.

అప్పుడు దభాలున తలుపు తెరుచుకుంది. నా వెనక లారీ తోలే పఠాను.

"చాచా, ఖైరియత్? అందర్ బైఠ్‌కే క్యా కర్ రహే హో?" క్షేమమేనా, లోపల కూర్చుని ఏం చేస్తున్నారని అడిగాడు.

అతని వెనక నుంచి ఎండ బిందెతో దిమ్మరించినట్టు లోపల పడింది. ఆకాశం కడిగినట్టుంది. అద్దం మీద వేలితో ఒక గీత గీశాను. నీళ్లు కారాయి, గీతలోంచి ఇసుక దిబ్బ కనబడింది. మా ఇద్దరి ఊపిరీ, టీ ఆవిరీ కలిసి లోపలివైపు అద్దానికి పట్టిన తెలుపు అది. దానికి భయపడి మేం, మా మీది గౌరవంతో వెనక బారుగా లారీలు, ఎండలో ఆగిపోయాం.

"మీకు తెలియాలి కదండి, బాబాయ్ గారూ?"

"నీకు తెలిసిందా?"

పాపం, మొహం ఎర్రబడింది. కానీ ఆఫీసరు ఆఫీసరే. "సరే, ఆ దిబ్బ మీది బోర్డు చదవండి" అన్నాడు. తుప్పు పట్టిన అక్షరాలతో సహా గడగడా చదివేశాను. రోజూ చూసే బోర్డు, కళ్లు మూసుకున్నా చదువుతాను. అతనికీ ఆ అనుమానం వచ్చింది. "బోర్డు వద్దండి. ఆ వెనక, లారీల వరస చివర ఎవరో దిగారు. ఏం చేస్తున్నారండి?"

బయటికి వంగి చూశాను.

"చెప్పు చేత్తో పట్టుకోని మన దిక్కే వస్తాండాడప్పా. ఎడమ కాలిది."

ఆఫీసరు కళ్లు చిట్లించి చూశాడు, నిక్కి చూశాడు, తర్వాత గబుక్కున తలుపు వేసుకున్నాడు.

"బాగానే కనబడుతోందండి, మీ కళ్లు బ్రహ్మాండం! యల్లా, బండి తియ్యండి బాబాయ్ గారూ!"

ఆ మనిషి చెప్పులోని ఇసుక దులుపుకుంటూ వస్తున్నాడని నాకు అప్పుడే కనబడింది. బండ్లన్నీ ఆపినందుకు కొట్టడానికే వస్తున్నాడని భయపడ్డ ఆఫీసరుకు చెప్పలేదు. ఎడమ కాలిదన్నది మాత్రం నేను కలిపిందే.