హజ్రా బీ మలిపిలుపు

నరసరావుపేటలో పత్తి మిల్లుల వెనుక దూది ఏకేవారి వీధి ఒకటి ఉండేది. రెండో ప్రపంచయుద్ధం ఇంకా సాగుతున్న రోజుల్లో ఆ వీధి మొదటి ఇంట్లో నేను అద్దెకుండేదాన్ని. తెల్లవారగానే ఇంటింటా దూదివిల్లుల మోత మొదలయ్యేది. ఆ మోతను మించి వినిపించగల గొంతు వీధి మొత్తానికి ఒక్కటే. అది హజ్రా బీది.

హజ్రా బీకి భర్త పోయాడు, పిల్లలు లేరు. పెళ్ళి అయినా, పురుడు అయినా, చనిపోయిన పెద్దల పేర చదివించే ఫాతిహా అయినా ఇంటింటికీ వెళ్ళి పిలుపు చెప్పడం ఆమె వృత్తి. పిలిపించినవారు ఇచ్చే చీరలతో, బియ్యంతో ఆమె జీవితం గడిచేది. శుభలేఖలు అచ్చువేయించే అలవాటు ఆ వీధికి లేదు. ఉన్నా, మనిషి నోట వినని పిలుపును అక్కడెవరూ పిలుపుగా లెక్కించేవారు కారు.

పిలుపుకు ఒక పద్ధతి ఉండేది. ముందుగా వెళ్ళి ఫలానావారింట ఫలానా కార్యమని తెలియజేయడం తొలిపిలుపు. ఆనాడు వంట దించిన తరువాత మళ్ళీ వెళ్ళి, "వడ్డన సిద్ధం, లేవండి" అనడం మలిపిలుపు. మలిపిలుపు రానిదే తోడబుట్టినవాడైనా గడప దాటడు. దానికోసం వాకిట్లో కాచుకుని కూర్చోవడం మాత్రం పరువు తక్కువ. అందువల్ల పిలుపు రావలసినవారు మంచి బట్టలు కట్టుకుని, తలుపు మూసుకుని, తమకేమీ పట్టనట్టు లోపల కూర్చునేవారు.

ఆ ఏడు మా వీధిలోనే దూది ఏకే ఖాసిం కూతురు బీబీకి సత్తెనపల్లి సంబంధం కుదిరింది. ఖాసిం అన్న అబ్దుల్ జబ్బార్‌ది ఎదురిల్లే. చిరకాలం ఒకే అంగడిలో పనిచేసిన అన్నదమ్ములు, ఎవరి మాట నెగ్గాలన్న పంతంతో వేరుపడి, మాటలు కూడా మానుకున్నారు. అందుచేత జబ్బార్ ఇంటికి తొలిపిలుపు చెప్పడానికి వెళ్ళినప్పుడు హజ్రా బీ కొంత జంకింది. జబ్బార్ విల్లు ఆపి తలెత్తాడు.

"పెళ్ళెవరింట్లో అత్తా?"

"నీ తమ్ముడింట్లోరా. వీధంతా తెలుసు, నీకు తెలవదా?"

"నువ్వు చెప్తేగా తెలిసేది."

"చెప్పా. ఇప్పుడు తెలిసిందా?"

లోపల ఆయన భార్య సుల్తానా నవ్వింది. "తెలవకపోతే ఆ పరుపు ఎవరికి కుడతన్నాడంట? అడుగత్తా."

బీబీకి ఇవ్వడానికని, ఎంచి తెచ్చిన దూదిని తన చేతులతో ఏకి ఆయన పరుపు కుడుతున్నాడు. హజ్రా బీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిలుపు చెప్పే మనిషి ఒక ఇంటి మాటను మరొక ఇంటికి మోయకూడదన్నది ఆమె నియమం.

పెళ్ళినాడు మధ్యాహ్నం ఆమె మలిపిలుపుకు బయలుదేరింది. జబ్బార్ ఇంటి ముందుకు వచ్చేసరికి తలుపు మూసి ఉంది. కప్పుమీద పొగ లేదు. లోపల అలికిడి లేదు. అన్న పంతం విడిచి, మలిపిలుపుకైనా ఆగకుండా తమ్ముడింటికి ముందే వెళ్ళిపోయాడని ఆమె అనుకుంది. ఆ సంతోషంలో తలుపు తట్టకుండా ముందుకు సాగింది.

లోపల జబ్బార్ తలపాగా చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. సుల్తానా పెట్టెలోని చీర తీసి కట్టుకుంది. పరుపు చుట్టి తాడు కట్టి ఉంది. పెళ్ళి భోజనానికి వెళ్ళబోయేవారు కనుకనే పొయ్యి రాజెయ్యలేదు. హజ్రా బీ గొంతు పక్క ఇంట్లో వినిపించింది. తరువాత ఆ పక్క ఇంట్లో వినిపించింది. తమ గుమ్మంలో వినిపించలేదు.

నిఖా వేళకు పెళ్ళికూతురి పెదతండ్రి కనిపించకపోవడంతో పెద్దలు గుసగుసలాడారు. ఖాసిం ముఖం నల్లబడింది. "రానోళ్ళ కోసం ఎంతసేపు? కానీండి," అన్నాడు. ఆడవారి పంక్తిలో వడ్డన హడావిడిలో ఉన్న హజ్రా బీకి ఇదేమీ తెలియలేదు.

సాయంత్రం ఇంటికి పోతున్న ఆమెకు సుల్తానా మాటలు వినిపించాయి. పక్కింటామెతో అంటున్నా, అవి వీధికంతటికీ వినిపించేటట్టు అన్న మాటలు. "ఆమేం చేస్తదిలే. మా గుమ్మం దాటిపొమ్మని చెప్పినోళ్ళుంటే దాటిపోయింది."

హజ్రా బీ కాళ్ళు ఆగిపోయాయి. తాను చేసిన తప్పు ఆమెకు అప్పుడు తెలిసింది. అంతకన్న విచిత్రం, ఆ తప్పును ఎవరూ ఆమెకు అంటగట్టలేదు. తమ్ముడు పిలవవద్దన్నాడని అన్న నమ్మాడు. పిలిచినా అన్న రాలేదని తమ్ముడు నమ్మాడు. ఒకరినొకరు అడిగి తెలుసుకోవడానికి వారి మధ్య మాటలు లేవు. ఆమె నోరు మెదపకపోతే ఆమె బతుకు యథాప్రకారం గడిచిపోతుంది. మెదిపితే, పిలుపు తప్పిన మనిషికి మళ్ళీ పిలుపు అప్పగించేవారుండరు.

ఆమె ఊరుకుంది.

మరునాడు బీబీ అత్తవారింటికి బయలుదేరింది. బండి ఎక్కబోతూ ఎదురింటివైపు తిరిగి నిలబడింది. ఆ తలుపు తెరుచుకోలేదు. "ఎక్కమ్మా, ఎక్కు," అని తండ్రి తొందరపెట్టాడు. బండి మలుపు తిరిగేవరకూ ఆ పిల్ల వెనక్కి చూస్తూనే ఉంది. గోడవారన నిలబడి ఉన్న హజ్రా బీ ఇంటికి పోలేదు. పైట సర్దుకుని, పిలుపుకు వెళ్ళే తీరుగానే వీధి మొదటినుంచి బయలుదేరింది.

"జబ్బారింటికి మలిపిలుపు నేను చెప్పలా. ఖాసిం చెప్పొద్దనలా. తప్పు నాది." ప్రతి గుమ్మంలోనూ అదే గొంతు, అవే మాటలు.

"ఇంక నీ పిలుపు నమ్మి ఎవరు లేస్తారత్తా?" అని ఒక ఇంటి కోడలు ఎకసెక్కెమాడింది.

"లేవబాకండి," అని ఆమె పక్క గుమ్మానికి నడిచింది.

తలుపు తెరిచిన జబ్బార్ ఆమె చెప్పింది విని గుమ్మంలోనే కూర్చున్నాడు. "తమ్ముడు వద్దనలా?" అన్నాడు.

"అనలా. నేను తిరిగి రాంగానే మా అన్న లేచాడా అని అడిగాడు. లేచాడనే చెప్పా. పొయ్యి రాజెయ్యలా, ముందే పోయుంటారనుకున్నా."

"పెళ్ళికి పిలిచినోళ్ళింట్లో పొయ్యెందుకు రాజేస్తాం? పొద్దుగూకేదాకా పస్తున్నాం," అంది సుల్తానా.

ఈలోగా ఖాసిం తన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. జబ్బార్ తమ్ముణ్ణి చూశాడు, కాని హజ్రా బీతోనే అన్నాడు: "అత్తా, శుక్రవారం కూతురూ అల్లుడూ వస్తారుగా. భోజనం మా ఇంట్లోనని చెప్పు. ఆ పిల్ల పరుపు మా ఇంట్లోనే ఉంది."

"వస్తామని చెప్పత్తా," అన్నాడు ఖాసిం వీధి అవతలనుంచి.

"మీకు నోళ్ళు లేవంట్రా? నా పిలుపు తప్పిందని ఇందాకేగా వీధంతా చాటొచ్చా," అంది హజ్రా బీ.

ఖాసిం ఆ మాటకు నవ్వబోయి, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. జబ్బార్ లేచి వీధి దాటాడు. అన్నదమ్ములేం మాట్లాడుకున్నారో ఎవరికీ వినిపించలేదు. విల్లుల మోత ఎక్కువగా ఉంది.

శుక్రవారం విందుకు తొలిపిలుపూ మలిపిలుపూ హజ్రా బీయే చెప్పింది. చెప్పి తన ఇంటికి పోయి చాప మీద కూర్చుంది. పిలుపు చెప్పే మనిషిని ప్రత్యేకంగా పిలిచే ఆచారం లేదు. ఏ ఇంటి కార్యమైనా ఆమె తనంతట తానే ఆఖరి పంక్తిలో కూర్చునేది. ఆనాడు కూర్చోలేదు. వడ్డిస్తున్న సుల్తానా చుట్టూ చూసి, గరిటె బీబీ చేతికిచ్చి హజ్రా బీ ఇంటికి వెళ్ళింది.

"ఏందత్తా ఇక్కడ కూర్చున్నావు? రా, వడ్డించాం."

"ఆకలి లేదులేవే."

"మావాడు సుభానీకి సంబంధాలు చూస్తన్నాం. రేపు పిలుపులకి నువ్వుగాక ఎవరు తిరుగుతారు? రా అంటే."

"పిలుపు ఇట్టాగేనా చెప్పేది? కోడిని గంపలోకి తోలినట్టుంది. ఇంటి పెద్ద పేరు ముందు చెప్పాలి."

"మీ ఇంటికి పెద్దెవరు?"

"ఇంకెవరున్నారే? నేనేగా."

సుల్తానా గడప బయటికి వెళ్ళి, పైట తలమీదికి లాక్కుని, సరిగా నిలబడింది. "హజ్రా బీ గారూ, అబ్దుల్ జబ్బార్ గారింట కూతురికీ అల్లుడికీ విందు. వడ్డన సిద్ధం. లేవండి."

హజ్రా బీ లేచింది.