మాజీ ప్రెసిడెంటు గారి దేశభద్రత

సరిహద్దులో ఏదైనా గొడవ మొదలైతే సైన్యం కన్నా ముందు పాలకొల్లు దగ్గర మా ఊరి వాట్సాప్ గ్రూపు నిద్రలేస్తుంది. దాన్ని నడిపేది మా పంచాయతీ మాజీ ప్రెసిడెంటు గారు. పదవి పోయాక ఆయనకి ఊరు చిన్నదైపోయింది. దేశం మీద పడ్డారు.

అలా గొడవ రేగిన ఒక ఏడు, సార్వా పంటకి కూడా ఊడ్పులకి బెంగాల్ కూలీలే వచ్చారు. ఊళ్ళో నాట్లు వేసేవాళ్ళు దొరక్క కొన్నేళ్ళుగా మా చేలన్నీ వాళ్ళే ఊడుస్తున్నారు. మకాం మా పాకలో. ఒక సాయంత్రం వాళ్ళు వంట చేసుకుంటుంటే ప్రెసిడెంటు గారు దూరం నుంచి ఫొటో తీసి, వీళ్ళది సరిహద్దు అవతలి భాష, ఊళ్ళోంచి తరిమెయ్యాలి అని గ్రూపులో పెట్టారు. వంకాయ కూర వండుకునేవాళ్ళలో ఆయనకి గూఢచారులు కనిపించారు. మర్నాడు కిరాణా కొట్లో వాళ్ళకి బియ్యం ఇచ్చేది లేదన్నారు. ఆ సాయంత్రమే ఎవరో పాక మీద రాళ్ళు వేశారు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాపం, కూలీలు మూటలు కట్టుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది ప్రెసిడెంటు గారికి, తన నారుమడి కూడా ఊడ్పుకి వచ్చిందని. వెంటనే పంచాయతీ ఆఫీసులో శాంతి సమావేశం పెట్టించారు. నేను రిటైరైన హిందీ మాస్టారిని కాబట్టి దుబాసీ పని నా మీద పడింది. మా గోదారి మర్యాదకేం లోటు? నిన్నటి దేశద్రోహులకి ఆత్రేయపురం పూతరేకులు పెట్టి, మొహమాటపడకండి అంటూ కొసరి కొసరి తినిపించారు. ఆ తర్వాత ఆయన భిన్నత్వంలో ఏకత్వం గురించి చాలాసేపు మాట్లాడారు. అంతా విని, ఉండిపొమ్మంటున్నారని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాను.

వాళ్ళ మేస్త్రీ నన్ను హిందీలో ఒకటే అడిగాడు, ఫోన్లో మళ్ళీ ఇలాంటిది వస్తే మా గతేంటని.

ప్రెసిడెంటు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"నా చేను ఊడుపయ్యేదాకా ఏమీ రాదండి. పూచీ నాది."

నేను ఒక్క మాట మార్చకుండా చెప్పాను. మేస్త్రీ తన మనుషులతో కాసేపు మాట్లాడుకుని, ఇక్కడికొచ్చి నేర్చుకున్న అరకొర తెలుగులో వినయంగా అన్నాడు.

"అయితే మీ చేను ఆఖర్న ఊడుస్తామండి."

నాకు నవ్వు ఆగలేదు. ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వలేదు. ఊరందరి చేలూ పచ్చబడ్డాయి, ఆయన నారు ముదిరిపోతూనే ఉంది. గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలు తప్ప ఇంకేమీ రాలేదు. ఆయన రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని మా పాకకి వచ్చి, ఒంట్లో ఎలా ఉందండి అని ఒక్కొక్కరినీ అడిగి వెళ్ళేవారు.